జేబు మొరాయిస్తేనే కథ: ‘నోబితా డైనోసార్’ నలభై ఏళ్ల తర్వాత కూడా ఎందుకు నిలబడింది?

డైనోసార్ శిలాజం మొత్తంగా తవ్వి తీసుకురాకపోతే ముక్కుతో స్పఘెట్టీ తింటానని నలుగురి ముందు పందెం కాసేస్తాడు నోబితా. అంత మాట అనడానికి కారణం చాలా చిన్నది. తోటి కుర్రాడు సునియో తన దగ్గరున్న టిరనోసారస్ గోరు శిలాజాన్ని చూపించి గొప్పలు పోయాడు, నోబితాకి ఒళ్లు మండింది. ఇక పలుగు పట్టుకుని తనే బయల్దేరాడు. కొండ అంచున తవ్వుతుంటే రాళ్లు దొర్లి కింద ఇంటాయన దగ్గర పడ్డాయి. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి, శిక్షగా చెత్త పూడ్చడానికి గొయ్యి తవ్వమన్నాడు. గుడ్డు ఆకారంలో ఉన్న రాయి దొరికింది ఆ చెత్త గొయ్యిలోనే.

1980 మార్చి 15న జపాన్‌లో విడుదలైన మొదటి డోరేమాన్ పూర్తి నిడివి సినిమా ఇలా మొదలవుతుంది. డోరేమాన్ అంటే భవిష్యత్తు నుంచి వచ్చి నోబితా ఇంట్లో ఉండే పిల్లి రోబో. దాంతోపాటు అదే టికెట్ మీద పాత ‘మోత్రా వర్సెస్ గాడ్జిల్లా’ని కూడా మళ్లీ వేశారు. అంటే ఒక్క డోరేమాన్‌నే నమ్ముకుని థియేటర్ నిండుతుందన్న ధీమా అప్పటికి పంపిణీదారులకు లేదేమో అనిపిస్తుంది. ఆ తర్వాత ప్రతి మార్చిలో, జపాన్ బడులకు విద్యా సంవత్సరం ముగిసి సెలవులు ఇచ్చే వేళకి, ఒక డోరేమాన్ సినిమా రావడం ఆనవాయితీ అయిపోయింది. పాత్రలకు గొంతునిచ్చేవాళ్లు మారిన 2005లో ఒకసారి, కరోనా రోజుల్లో మరోసారి తప్ప ఆ వరస పెద్దగా తప్పలేదు.

డోరేమాన్ కథలు అంతకు పదేళ్ల ముందే మొదలయ్యాయి. ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన హిరోషి ఫుజిమోతో 1969 డిసెంబర్‌లో, అంటే 1970 జనవరి సంచికలతో, షోగాకుకాన్ సంస్థ తరగతుల వారీగా వేసే పిల్లల పత్రికల్లో వీటిని గీయడం మొదలుపెట్టాడు. 1979 ఏప్రిల్‌లో టీవీ ఆసాహిలో రోజువారీ కార్యక్రమంగా వచ్చాక పిల్లల్లో పిచ్చి పట్టుకుంది. మన పిల్లలకు అది చేరింది ఇంకో పాతికేళ్లకు. తెలుగు డబ్బింగ్‌లో నోబితాని ఏడిపించే మొరటు కుర్రాడు జియాన్ పాట పాడుతుంటే చెవులు మూసుకున్న తరం ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటోంది.

సినిమా తీయాలనుకున్నప్పుడు ఎదురయ్యే చిక్కు ఏమిటో ఒకసారి ఆలోచించాలి. టీవీలో వచ్చే కథ నిడివి పది నిమిషాల లోపే. నోబితా ఏడుస్తూ వస్తాడు, డోరేమాన్ పొట్ట మీది జేబులోంచి ఒక వస్తువు తీస్తాడు, నోబితా దాన్ని అతిగా వాడతాడు, బోర్లా పడతాడు. కథ అయిపోతుంది. ఈ లెక్క గంటన్నర సినిమాకి పనికిరాదు. ఏ కష్టం వచ్చినా జేబులో దానికో మందు ఉంటే మొదటి పావుగంటలోనే కథ కంచికి చేరుతుంది. అక్షయపాత్ర చేతిలో ఉన్నవాడి ఆకలి గురించి ఎవరు కథ రాస్తారు?

ఫుజిమోతో దీనికి కనిపెట్టిన ఉపాయం, ఆ తర్వాత వచ్చిన దాదాపు అన్ని డోరేమాన్ సినిమాలకూ పునాది అయింది. జేబును మాయం చేయలేదు. అందులోని వస్తువులకు హద్దులు పెట్టాడు.

అన్నిటికంటే పెద్ద హద్దు టైమ్ మెషీన్‌ది. దాని దారి నోబితా చదువుకునే బల్ల సొరుగులో ఉంటుందని పిల్లలందరికీ తెలుసు. సినిమాలో ఆ రాతి గుడ్డులోంచి పుట్టిన డైనోసార్ పిల్లని దాని కాలానికి తిరిగి పంపడానికి వెళ్లినప్పుడు, డైనోసార్లను దొంగతనంగా పట్టుకెళ్లే భవిష్యత్తు కాలపు వేటగాడు వీళ్ల మీద దాడి చేస్తాడు. ఆ గలాటాలో పిల్లని జపాన్ దగ్గర వదలబోయి ఉత్తర అమెరికాలో వదిలేసి వస్తారు. అది అక్కడ వేరే జాతి జంతువుల మధ్య ఒంటరిగా అల్లాడుతోందని తెలిసి మళ్లీ బయల్దేరతారు. ఈసారి సునియో, జియాన్, నోబితా స్నేహితురాలు షిజుకా కూడా ఎక్కుతారు. బరువు ఎక్కువై మెషీన్ పాడవుతుంది. కాలంలో ముందుకీ వెనక్కీ పోగలదు, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మాత్రం కదలలేదు.

ఆ ఒక్క వాక్యంలోనే సినిమా మొత్తం ఉంది. ఉన్నచోటే ఉండి పది కోట్ల ఏళ్లు ముందుకు వస్తే వాళ్లు దిగేది అమెరికాలో, సొరుగు దారి ఉన్నది టోక్యోలో. కాబట్టి ఆ సొరుగు భవిష్యత్తులో ఏ చోట ఉండబోతోందో, సరిగ్గా ఆ చోటికి పది కోట్ల ఏళ్ల నాటి నేల మీదుగా చేరుకోవాలి. అక్కడికెళ్లి మీట నొక్కితే నేరుగా ఇంట్లో పడతారు. ఎనిమిదేళ్ల పిల్లాడికి కూడా ఈ లెక్క అర్థమవుతుంది, పెద్దవాళ్లు కూడా ఇందులో తప్పు పట్టడం కష్టం.

పిల్లల్లో తెలివైనవాడు వెంటనే అడుగుతాడు: మరి ‘ఎక్కడికైనా తలుపు’ ఉందిగా, తలుపు తీసి ఇంట్లో అడుగు పెట్టొచ్చుగా? దానికీ జవాబు సిద్ధంగా ఉంచాడు రచయిత. ఆ తలుపులో ఉన్నది నేటి ప్రపంచపు మ్యాప్, పది కోట్ల ఏళ్ల కిందటి నేల ఏ ఆకారంలో ఉందో దానికి తెలియదు. ఇక మిగిలింది తల మీద పెట్టుకుని ఎగిరే బుల్లి ఫ్యాన్, అదే బాంబూ కాప్టర్. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా 8 గంటలు వాడితే దాని బ్యాటరీ అయిపోతుంది. లెక్క కడితే 640 కిలోమీటర్లు. సుమారుగా హైదరాబాద్ నుంచి చెన్నైకి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి టోక్యోకి విమానంలో నేరుగా వెళ్తేనే 8,000 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే రోజుకి కొన్ని గంటలే ఎగరడం, బ్యాటరీకి విశ్రాంతి ఇవ్వడం, మిగతా దారి కాలినడకన పోవడం. ఫోన్ చార్జింగ్ 12 శాతానికి పడిపోయిన బస్సు ప్రయాణంలో ఉండే టెన్షన్ ఏమిటో తెలిసిన ఇప్పటి ప్రేక్షకుడికి ఈ భాగం 1980 నాటి పిల్లలకన్నా బాగా ఎక్కుతుంది.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. వస్తువులేవీ పనిచేయకపోతే కథ ఏడుపుగొట్టుగా తయారయ్యేది. అలా కాకుండా, పనిచేసే ఒకటి రెండు వస్తువులు మరీ ముచ్చటగా ఉంటాయి. క్రూర జంతువుల నోట్లో ఒకటి వేస్తే చాలు, మచ్చికైపోయే ఉండలు అలాంటివే. వీటి వెనక జపాన్ పిల్లలందరికీ తెలిసిన జానపద కథ ఉంది. పీచు పండులోంచి పుట్టిన మొమొతారో అనే కుర్రాడు రాక్షసుల మీదకి యుద్ధానికి వెళ్తూ దారిలో కుక్కకి, కోతికి, ఒక అడవి కోడికి తన వరిగ పిండి ఉండలు పెట్టి వాటిని తన వెంట తిప్పుకుంటాడు. డోరేమాన్ జేబులోనివి ఆ ఉండలే. మన దగ్గర పేదరాశి పెద్దమ్మ ఇచ్చిన మంత్రపు వేరు సైన్స్ కథలోకి వచ్చి పడితే ఎలా ఉంటుందో, టిరనోసారస్‌కి వరిగ ఉండ తినిపించడం జపాన్ వాళ్లకి అలా ఉంటుంది.

నడక మొదలయ్యాక మనుషులు మారతారు. సినిమాలో బాగా గుర్తుండిపోయే భాగం డైనోసార్లది కాదు, జియాన్‌ది. టీవీలో జియాన్ అంటే నోబితాని కొట్టేవాడు, బొమ్మలు లాక్కునేవాడు. ఇక్కడ ఒకచోట అతని కాప్టర్ చేజారి పడిపోబోతుంటే నోబితా చెయ్యి పట్టుకుంటాడు. బక్కప్రాణం, జియాన్ బరువు మోయలేడు, వదిలేస్తే తను బతుకుతాడు. వదలడు. కొంత కథ గడిచాక వేటగాడు బేరం పెడతాడు: ఆ పిల్ల జంతువుని మాకు ఇచ్చేయండి, మిమ్మల్ని మీ కాలానికి, మీ ఇంటికి చేరుస్తాం. అలసిపోయి, ఇంటి మీద బెంగ పెట్టుకున్న సునియో ఊగిసలాడతాడు. అప్పుడు జియాన్, నోబితా నా చెయ్యి వదల్లేదు, కాబట్టి నేను నడుస్తాను అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. ఉపన్యాసం లేదు, కన్నీళ్లు లేవు, నడవడానికి ఒప్పుకోవడమే. మాట నిలబెట్టుకోవడం అంటే ఏమిటో పిల్లలకి ఇంత తక్కువ మాటల్లో చెప్పిన సన్నివేశాలు అరుదు. ఈ సినిమాతోనే మొదలైన ఆ మార్పుకి జపాన్ ప్రేక్షకులు ఒక పేరు కూడా పెట్టుకున్నారు. ఎప్పుడూ మొరటుగా ఉండేవాడు హఠాత్తుగా మంచి పని చేస్తే ‘సినిమా జియాన్’ అంటారు.

ఇక పిల్ల జంతువు సంగతి. శిలాజపు గుడ్డుని మళ్లీ గుడ్డుగా మార్చేది ఒక గుడ్డ. జపాన్‌లో సామాన్లు మూట కట్టుకోవడానికి వాడే చదరపు బట్టని ఫురోషికి అంటారు. డోరేమాన్ దగ్గరున్నది గడియారాల బొమ్మలు అచ్చేసిన ఫురోషికి. దాంతో కప్పితే వస్తువు వయసు వెనక్కి పోతుంది, తిరగేసి కప్పితే ముందుకి పోతుంది. రాయి గుడ్డయింది. తర్వాత పని మాత్రం ఏ యంత్రమూ చేయదు. నోబితా దుప్పటి కప్పుకుని, గుడ్డుని ఒంటికి హత్తుకుని, కోడి పొదిగినట్టు పొదుగుతాడు. ఏ పనీ పూర్తిగా చేయని కుర్రాడు ఒకచోట కదలకుండా కూర్చుని చేసిన మొదటి పని అది. పుట్టిన పిల్లకి పీసుకే అని పేరు పెడతాడు. పెరిగి పెద్దదై ఇంట్లో పట్టకపోతే పార్కు చెరువులో దాచి, రాత్రుళ్లు చూసి వస్తుంటాడు. 1975లో ఫుజిమోతో మొదట రాసిన చిన్న కథ పెంచడం, చెరువులో దాచడం, విడిచిపెట్టడం దగ్గరే ఆగిపోయింది. అమెరికా నుంచి జపాన్ దాకా నడక మొత్తం సినిమా కోసం కలిపిందే. అందుకే మొదటి అరగంట ఒక కథలా, మిగతాది వేరే కథలా అనిపిస్తుంది. అతుకు కనిపిస్తుంది, కానీ ఊడిపోదు.

పీసుకే ఏ జాతిదో డోరేమాన్ చెప్పే పేరు కల్పితం కాదు. దాని వెనక నిజంగానే ఒక కుర్రాడు ఉన్నాడు. 1968లో జపాన్ ఈశాన్యాన ఫుకుషిమా ప్రాంతంలోని ఇవాకిలో, నది ఒడ్డున, తదాషి సుజుకి అనే హైస్కూల్ విద్యార్థి ఎముకలు కనిపెట్టాడు. తవ్వి చూస్తే పొడుగాటి మెడ, తెడ్ల లాంటి నాలుగు కాళ్లు ఉన్న సముద్రపు సరీసృపం. దాదాపు ఎనిమిదిన్నర కోట్ల ఏళ్ల కిందటిది. జపాన్ నేలలో అంత పెద్ద ప్రాచీన జంతువులు దొరకవని అప్పటిదాకా అనుకునేవారు. దొరికిన రాతి పొర పేరు ఫుతాబా, కుర్రాడి పేరు సుజుకి, రెండూ కలిపి జనం ‘ఫుతాబా సుజుకి ర్యూ’ అని పిలవడం మొదలుపెట్టారు. ర్యూ అంటే డ్రాగన్. బడికెళ్లే పిల్లాడు తవ్వి డైనోసార్ లాంటిదాన్ని తీశాడన్న వార్త విని పెరిగిన దేశంలో, నోబితా పందెం అంత పిచ్చి పందెమేమీ కాదు.

ఇక్కడే రెండు తప్పులు ఒప్పుకోవాలి. ఫుతాబా సుజుకి ర్యూ అసలు డైనోసారే కాదు. ప్లీసియోసార్లనే సముద్రపు సరీసృపాలది వేరే వంశం. సినిమా పేరులోనే డైనోసార్ ఉంది కాబట్టి ఈ పొరపాటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండోది ఇంకా ఇబ్బందికరం. అమెరికాలోని కాన్సాస్‌లో 1987లో దొరికిన ఒక ప్లీసియోసార్ శిలాజాన్ని పరిశీలించి, దాని కడుపులో పిండం ఉందని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే ఈ జంతువులు గుడ్లు పెట్టలేదు, పిల్లల్ని కన్నాయి. నోబితా పొదిగిన గుడ్డు ఎప్పుడూ లేనే లేదు.

దీనివల్ల సినిమాకి నష్టమా? సైన్స్ పాఠంగా చూస్తే నష్టమే, పిల్లలకి చూపించేటప్పుడు ఆ మాట చెప్పాలి. కథగా మాత్రం గుడ్డు లేకపోతే ఏమీ మిగలదు. దుప్పటి కింద పొదగడం లేదు, నన్ను చూసి కళ్లు తెరిచిందన్న మమకారం లేదు, చివర్లో వదిలి రావడంలో అంత బాధ లేదు. 1980లో అందుబాటులో ఉన్న విజ్ఞానాన్ని నమ్మి రాసిన కథ కాబట్టి రచయితని తప్పుపట్టలేం కూడా. మరో విచిత్రం ఏమిటంటే, వీళ్లు నడిచి చేరుకోవాలనుకున్న జపాన్ అనే దీవులు అప్పటికి లేవు. ఆ నేల ఆసియా ఖండం అంచున అతుక్కుని ఉండేది, జపాన్ సముద్రం విచ్చుకుని దీవులుగా విడిపోయింది సుమారు రెండు కోట్ల ఏళ్ల నుంచి కోటిన్నర ఏళ్ల కిందట మాత్రమే. అమెరికా నుంచి ఆసియాకి నేల మీద నడవడం అనే ఊహ మాత్రం గట్టిదే. ఆ కాలంలో ఇప్పటి బేరింగ్ జలసంధి వైపు నుంచి డైనోసార్లు రెండు ఖండాల మధ్యా రాకపోకలు సాగించాయని శిలాజాలు చెప్తున్నాయి.

శిలాజాలతో ఇలాంటి బంధం మనకూ లేకపోలేదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ ఎముకల గూడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అది నిజమైన డైనోసార్, జురాసిక్ తొలి కాలానిది. దాని ముందు నిలబడి ఫొటోలు దిగిన పిల్లలు వేలల్లో ఉంటారు. దాన్ని పొదిగి పెంచిన తెలుగు కథ మాత్రం పిల్లల చేతుల్లోకి రాలేదు.

సినిమాలో బలహీనతలు లేవని కాదు. వేటగాళ్లు కాగితపు బొమ్మలే, డబ్బు కోసం దొంగతనం చేసేవాళ్లన్నది తప్ప వాళ్ల గురించి తెలిసేది తక్కువ. షిజుకాకి చేయడానికి పెద్దగా పని ఉండదు. అన్నిటికంటే వెలితిగా తోచేది చివర్లో కాలంలో తిరుగుతూ కాపలా కాసే టైమ్ ప్యాట్రోల్ పోలీసులు వచ్చి ఆదుకోవడం. అన్ని వేల కిలోమీటర్లు పిల్లల్ని సొంత కాళ్ల మీద నడిపించి, జేబుకి అంత జాగ్రత్తగా హద్దులు గీసి, ఆఖరున పైనుంచి పోలీసులు దిగడం తెలుగు సినిమా క్లైమాక్స్‌లో జీపులు వచ్చినట్టే ఉంటుంది. తనే పెట్టుకున్న నియమాన్ని రచయిత కాస్త సడలించిన చోటు అది.

ఇదే కథని 2006 మార్చి 4న మళ్లీ కొత్తగా తీసి విడుదల చేశారు. దర్శకుడు అయుము వాతానబే. అంతకు ముందు ఏడాదే డోరేమాన్‌కి 26 ఏళ్లు గొంతునిచ్చిన నొబుయో ఓయామాతో సహా పాత గొంతులన్నీ పక్కకి తప్పుకున్నాయి. కొత్త గొంతులతో వచ్చే మొదటి సినిమాకి ఈ కథనే ఎంచుకోవడం వెనక ఆలోచన అర్థమవుతుంది. ఇంటి శుభకార్యానికి ముందు తాతల నాటి వస్తువు బయటికి తీసినట్టు. గీతలు కూడా పెన్సిల్‌తో గీసినట్టు మెత్తగా, వణుకుతూ ఉంటాయి. పీసుకే ఒంటి బరువు, నోబితా ముఖంలో బేలతనం పాతదానిలో కన్నా ఎక్కువ తెలుస్తాయి. రెండేళ్ల తర్వాత, 2008 మార్చిలో జపాన్ విదేశాంగ శాఖ డోరేమాన్‌ని ‘యానిమే రాయబారి’గా నియమించినప్పుడు, విదేశాల్లో చూపించడానికి ఎంచుకున్నదీ ఈ 2006 సినిమానే.

అదే 2006లో, సినిమా వచ్చిన రెండు నెలలకు, ఇవాకి ఎముకలకి శాస్త్రీయ నామం వచ్చింది: ఫుతాబాసారస్ సుజుకీ. హైస్కూల్ కుర్రాడు తవ్వి తీసి 38 ఏళ్లయ్యాక. ఇన్నేళ్లూ జనం నోట్లో, కార్టూన్లలో, సినిమాలో నలిగిన జంతువుకి కాగితం మీద పేరు అప్పటిదాకా లేదన్నమాట.

2020లో వచ్చిన ‘నోబితా కొత్త డైనోసార్’ కథ కూడా గుడ్డుతోనే మొదలవుతుంది. మార్చిలో రావాల్సిన సినిమా కరోనా వల్ల ఆగస్టుకి వాయిదా పడింది. ఈసారి గుడ్డులోంచి వచ్చినవి ఈకలున్న కవల డైనోసార్లు. పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయన్న సంగతి ఈ నలభై ఏళ్లలో గట్టిపడటం వల్ల వచ్చిన మార్పు ఇది. వీటికి గుడ్లున్నాయి, ఎవరూ తప్పు పట్టలేరు. ఆ రెంటిలో ఒకటి సరిగ్గా ఎగరలేదు. గోడ మీంచి దూకి కింద పడుతుంటే, నోబితా దానికి ఎగరడం నేర్పడానికి నానా తంటాలు పడతాడు. తనకే ఏదీ సరిగ్గా చేతకాదు మరి.

ఆ సినిమాలో కొత్త డైనోసార్‌కి తన పేరు పెట్టాలని నోబితా ముచ్చటపడతాడు. అదే ఏడాది చైనాలోని సిచువాన్‌లో మూడు వేళ్ల డైనోసార్ అడుగుజాడలు దొరికాయి. పరిశోధించిన శాస్త్రవేత్త సింగ్ లిదా డోరేమాన్ అభిమాని. అడుగుజాడలకి జంతువు పేరుతో సంబంధం లేకుండా విడిగా పేరు పెట్టే పద్ధతి ఉంది. 2021లో ఆ ముద్రలకి ఆయన పెట్టిన పేరు యూబ్రోంటెస్ నోబితాయ్.